పాత ఇల్లు కొంటున్నారా? గోడ మీది క్యాలెండరు ఎత్తి చూడండి

ప్రొద్దుటూరులో మా పిన్ని ఇల్లు కొనాలనుకున్న రోజులవి. ఇరవై రెండేళ్ళు అద్దె ఇళ్ళలో గడిపి, చీటీలు కట్టి, చివరికి పెళ్ళినాటి గాజులు కూడా తీసి కుదువ పెట్టడానికి సిద్ధపడి, ఒక ఇల్లు చూశారు. నలభై ఏళ్ళ నాటి ఇల్లు. మూడు గదులు, వెనక వంటిల్లు, పెరట్లో వేపచెట్టు. బజారుకు దగ్గర, మంచినీళ్ళ కొళాయి ఉంది, ధర అందుబాటులో ఉంది. బాబాయికి నచ్చింది. బ్రోకరు మరుసటి శుక్రవారం మంచిదని అడ్వాన్సుకు ముహూర్తం కూడా చెప్పేశాడు.

మగవాళ్ళు నడవలో కూర్చుని లెక్కలు మాట్లాడుకుంటుంటే, పిన్ని వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ గోడకు ఒక క్యాలెండరు వేలాడుతోంది. అది రెండేళ్ళ కిందటిది. పాత క్యాలెండరు ఎందుకు తీయలేదా అని ఆవిడ ఊరికే పైకెత్తి చూసింది. వెనక కిటికీ మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా ఒక పగులు, చిటికెన వేలు పట్టేంత!

"పాత ఇంటికి నెర్రెలుండవా?" అన్నాడు బాబాయి. "రెండు కోట్లు కలర్ కొడితే కనపడనే కనపడదు" అన్నాడు బ్రోకరు. అప్పుడు పిన్ని, ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటున్న ముసలమ్మ పక్కన కూర్చుని, "పెద్దమ్మా, ఈ వంటింటి తలుపు పడుతుందా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు కాబోలు, ఆవిడ దాపరికం లేకుండా చెప్పేసింది. "యాడ పడేది మే! వానాకాలం మూసుకోదు. ఎండలు ముదిరితే గొళ్ళెం అందదు."

ఆ ఒక్కమాటలో ఇంటి జాతకమంతా ఉంది. మన ఆడవాళ్ళకు ఇలాంటివి తెలుస్తాయి. ఏ తలుపు ఎప్పుడు బిగుస్తుందో, ఏ మూల బండ కదులుతుందో, ఇంట్లో మసిలే మనిషికి తెలిసినట్టు రిజిస్ట్రేషను ఆఫీసులో సంతకం పెట్టే మనిషికి తెలియదు. అందుకే ఇల్లు చూడ్డానికి శ్రీవారు ఒక్కరినే పంపి "ఆయనకు నచ్చితే నాకు నచ్చినట్టే" అనేయకండి.

నేల కదులుతుంది

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో పొలాలు చూసినవాళ్ళకు నల్లరేగడి గురించి చెప్పనక్కర్లేదు. పత్తికీ శనగకూ బంగారంలాంటి నేల. ఎండాకాలంలో ఆ చేలలో నడిస్తే పాదం దిగబడేంత నెర్రెలు. నాలుగు వానలు పడగానే ఆ నెర్రెలన్నీ మాయం, కాలు పెడితే చెప్పుకు సేరు మట్టి అంటుకుంటుంది. ఆ మట్టిలోని సన్నటి బంక నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఇడ్లీకి నానేసిన మినప్పప్పు రాత్రికి రాత్రి గిన్నెలో ఎంత పొంగుతుందో చూస్తాం కదా, అలాంటి వ్యవహారమే. కాకపోతే మినప్పప్పు మళ్ళీ ఎండి ముడుచుకోదు, రేగడి ఏటేటా ఆ పని చేస్తుంది.

మరి అదే నేలమీద ఇల్లుంటే? ఇంటి నడుమ గదుల కింది మట్టికి ఎండా వానా తగలవు కాబట్టి అది ఎక్కువ కదలదు. అంచుల్లో మట్టి మాత్రం ఏడాదికోసారి లేస్తుంది, ఏడాదికోసారి దిగుతుంది. గోడ ఆ ఊగులాట తట్టుకోలేక పగులుతుంది. మన దేశపు రేగడి నేలల్లో ఈ తేమ మార్పు సుమారు మూడున్నర మీటర్ల లోతు దాకా ఉంటుందని ఇంజనీర్ల లెక్క. అంటే దాదాపు పదకొండున్నర అడుగులు. అందుకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్ళు, ఆ లోతు దాటించి, అడుగున గంటలాగా ఉబ్బెత్తు చేసి కాంక్రీటు పోసే పునాది స్తంభాల పద్ధతిని రేగడి నేలలకోసం రూపొందించారు. మన పాత ఇళ్ళకు అలాంటివెక్కడివి? మూడు నాలుగు అడుగులు తవ్వి, రాళ్ళు పేర్చి, గోడ లేపేశారు. అయినా ఎన్నో ఇళ్ళు యాభై, అరవై ఏళ్ళు నిలబడ్డాయి. కొన్ని గరుసు నేల మీద పడ్డాయి కాబట్టి, కొన్నింటికి పెద్దలు చుట్టూ బండలు పరిచి నీళ్ళు గోడ దగ్గరికి రానివ్వలేదు కాబట్టి.

కాబట్టి పగులు కనపడగానే "అమ్మో" అని పారిపోనక్కర్లేదు. పగులు ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. అది ఇంకా కదులుతోందా, లేక ఎప్పుడో కదిలి నిలిచిపోయిందా అన్నదే ప్రశ్న. దానికి జవాబు ఒక్క ఆదివారం పొద్దున చూసి వస్తే దొరకదు.

పగుళ్ళన్నీ ఒకటి కావు

గోడ మీద సాలెగూడులాగా, వెంట్రుక మందాన ఉన్నవి పైపూతవే. సిమెంటు ఆరేటప్పుడు వచ్చినవి, వాటిని వదిలేయండి. స్లాబు కిందుగా, గోడ పైఅంచున అడ్డంగా ఒకే గీతలా పోయే పగులు మన ఎండలకు సర్వసాధారణం. మే నెలలో మిద్దెమీద వడియాలు పెడితే ఒక్కరోజులో గలగలలాడతాయి. ఆ ఎండకు స్లాబు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, కింది గోడ దానితో కలిసి కదలలేదు. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, వానకు చెమ్మ దిగుతుంది, కానీ ఇల్లు పడదు. మిద్దెమీద తెల్లసున్నం వేయిస్తే చాలావరకు ఆగుతుంది.

భయపడాల్సింది ఏటవాలు పగులుకు. కిటికీ మూలనుంచో, గుమ్మం మూలనుంచో మెట్లు మెట్లుగా ఎగబాకేది. దాన్ని కింది నుంచి పైదాకా చూడండి. కింద సన్నగా ఉండి పైకి పోయేకొద్దీ వెడల్పయితే, గోడ ఆ కొస దిగిపోతోందన్నమాట. కింద వెడల్పు, పైన సన్నం అయితే నడుమ భాగం కుంగుతోంది. గోడ లోపలా బయటా ఒకేచోట పగులుంటే అది పూతలో లేదు, గోడలోనే ఉంది. పగులుకు ఇటువైపు గోడకన్నా అటువైపు గోడ ముందుకు వచ్చిందేమో అరచేత్తో నిమిరి చూడండి. మెట్టులా తగిలితే మరీ జాగ్రత్త.

కొలతకు స్కేలు లేకపోతే అగ్గిపుల్ల చాలు. అగ్గిపుల్ల సుమారు రెండు మిల్లీమీటర్లు. అది కష్టంగా దూరే పగుళ్ళు సాధారణంగా మరమ్మతుతో పోయేవే. అయిదు మిల్లీమీటర్లు దాటితే ఇంజనీరుకు చూపించాలి. చిటికెన వేలు దూరితే ఆయన చూసి చెప్పేదాకా అడ్వాన్సు మాటే వద్దు.

ఇంకా కొన్ని ఉన్నాయి, ఇవేవీ ఖర్చులేనివి. పిల్లల గోలీ ఒకటి బ్యాగులో వేసుకుని వెళ్ళండి, గది నడుమ నేలమీద పెట్టండి. జలదారి గదిలో వాలు ఉండాలి, పడకగదిలో ఎందుకుండాలి? గోలీ ప్రతి గదిలోనూ ఒకే దిక్కుకు పరుగెడితే ఆ దిక్కున ఏదో దిగుతోంది. నేలకూ గోడకూ మధ్య సందు వచ్చిందేమో చూడండి. తలుపులు, కిటికీలు అన్నీ స్వయంగా మూసి తెరిచి చూడండి. తలుపు పైఅంచు ఒక మూల రంపంతో కోసినట్టుంటే, ఎవరో ఎప్పుడో చట్రం వంకరకు సరిపెట్టారన్నమాట. ఇల్లంతా పాత సున్నమే ఉండి ఒక్క గోడకే కొత్త రంగుంటే, దానిముందు బీరువా అడ్డంగా జరిపి ఉంటే, మొహమాటపడకండి. "అన్నా, ఈ బీరువా కొంచెం జరుపుతారా" అని అడగండి. లక్షలు పోసి కొనేవాళ్ళం మనం.

గ్లాసులో మట్టి పరీక్ష

మట్టి ఎలాంటిదో తెలుసుకోవడానికి ప్రయోగశాలలో చేసే ఒక పరీక్షను వంటింట్లో మోటుగా చేసుకోవచ్చు. ఇంటి పక్కన రెండు మూడు అడుగుల లోతు తవ్వి మట్టి తీయించండి. పైపైది వద్దు, అది ఎవరో తెచ్చి పోసింది కావచ్చు. దాన్ని బాగా ఎండబెట్టి, దంచి, పిండి జల్లెడలో జల్లించండి. ఒకే కొలత ఉన్న రెండు సన్నటి గాజుగ్లాసులు తీసుకుని, రెండింట్లో రెండేసి చెంచాల మట్టి వేయండి. ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరసనాయిలు పోసి, పుల్లతో కలిపి బుడగలు పోనిచ్చి, ఒక రాత్రీ ఒక పగలూ కదపకుండా ఉంచండి. కిరసనాయిలు ఇప్పుడు మునుపటంత తేలిగ్గా దొరకదు.

కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు. నీళ్ళలో రేగడి ఉబ్బుతుంది. కిరసనాయిలు గ్లాసులో మట్టి ఒక వేలు ఎత్తు ఉంటే, నీళ్ళ గ్లాసులో వేలున్నర దాటిందనుకోండి, అది అల్లరి మట్టే. ఇంజనీర్లు చేసేదీ ఇదే, కాకపోతే పది గ్రాములు తూచి, గీతలున్న గొట్టాల్లో చేస్తారు. మన వంటింటి పరీక్ష పట్టుకుని సంతకాలు పెట్టకూడదు గానీ, ఇంజనీరు దగ్గరికి వెళ్ళాలో వద్దో మాత్రం తెలిసిపోతుంది. ఆ పిల్లల గ్లాసులు మళ్ళీ పాలకు వాడకండి సుమా!

ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగు కాలేజీ, పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగు కాలేజీ ఉన్నాయి. అక్కడ సివిల్ విభాగంలో మట్టి గురించి చెప్పే మాస్టర్లుంటారు. సరైన ఇంజనీరు ఎవరో తెలియకపోతే వాళ్ళను అడగడం ఒక దారి. బ్యాంకు లోను కోసం వచ్చి ఇల్లు చూసే ఇంజనీరు సర్టిఫికెట్టు ఇచ్చాడు కదా అని ధీమా పడకండి. ఆయన వచ్చేది తమ అప్పుకు ఆ ఇంటి విలువ సరిపోతుందో లేదో చూడ్డానికి. వంటింటి గోడ వచ్చే వానాకాలం ఏమవుతుందన్నది ఆయన పని కాదు.

జమ్మలమడుగు వైపు రాతి మిద్దెలు

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపబండలకు కొదవ లేదు. అందుకే అక్కడి పాత ఇళ్ళలో గోడలూ రాయే, నేలా రాయే, చాలాచోట్ల కప్పూ బండలే. రెండడుగుల మందం గోడలు చూసి "ఇది ఏనుగు తొక్కినా కదలదు" అనుకుంటాం. ఆ మందంలోనే మోసం ఉంది. పాత రాతిగోడ చాలాసార్లు ఒక గోడ కాదు, రెండు. లోపలి ముఖానికి ఒక వరుస, బయటి ముఖానికి ఒక వరుస పేర్చి, నడుమ మట్టీ చిన్నరాళ్ళూ కూరి ఉంటారు. ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే పొడుగురాళ్ళు అక్కడక్కడా వేసివుంటే రెండూ చేతులు పట్టుకున్నట్టు కలిసి నిలబడతాయి. వేయకపోతే, వాననీళ్ళు లోపలి మట్టిని నాననిచ్చి కొన్నాళ్ళకు బయటి వరుసను తోసేస్తాయి. దాన్నే మేస్త్రులు "గోడ పొట్ట వేసింది" అంటారు. పగులు ఒక్కటీ ఉండదు, గోడ మాత్రం నిండు చూలాలిలా ముందుకు వస్తుంది. మేస్త్రి గుండు దారం పైనుంచి వదిలితే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

ఇక ఆ మిద్దెల పైన చౌడుమట్టి. వాన నీళ్ళు దిగకుండా ఉండేందుకు వానలకు ముందు కొత్త చౌడు వేయడం మన పెద్దల ఆచారం. మంచి ఆచారమే. కానీ పాతది తీయకుండా ఏటా కొత్తది పోస్తూ పోతే? పది అడుగులు, పన్నెండు అడుగులు ఉన్న ఒక్క గది మీద అడుగు మందం మట్టి ఉందంటే, దాని బరువు అయిదు టన్నులు పైమాటే. వాన నానితే ఇంకా ఎక్కువ. ఆ బరువంతా చెదలు తిన్న దూలం మీదా, పొట్ట వేసిన గోడ మీదా!

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు వేలమంది నిద్రలోనే పోయారు. అక్కడి ఇళ్ళూ ఇలాంటివే. మట్టితో కట్టిన రాతిగోడలు, మీద బరువైన మట్టి కప్పు. ఆ తర్వాత మిగిలిన ఇళ్ళను బలపరచడానికి ఇంజనీర్లు చెప్పిన మొదటి మాటల్లో రెండు మనకూ పనికొస్తాయి. కప్పు మీది మట్టి బరువు తగ్గించండి. గోడకు అక్కడక్కడా ఆర్‌పార్ రంధ్రం చేసి, ఇనుపకమ్మీ పెట్టి కాంక్రీటు పోసి, రెండు ముఖాలనూ కలిపి కుట్టండి.

జమ్మలమడుగులో మాకు తెలిసిన ఒక టీచరమ్మ అలాంటి మిద్దె చూసింది. రిటైరు కాగానే వచ్చిన డబ్బు చేతిలో ఉంది, చెక్కడపు పని ఉన్న వాకిలి చూసి మనసు పారేసుకుంది. మేస్త్రి గుండు వేస్తే పక్కగోడ మూడు వేళ్ళు బయటికుంది. ఆ గోడ తనది ఒక్కతేదీ కాదు, పక్కింటితో ఉమ్మడి. దాన్ని విప్పి కట్టాలంటే పక్కింటివాళ్ళు ఒప్పుకోవాలి, వాళ్ళకూ అన్నదమ్ముల తగాదా. ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదట, మూడోరోజు వద్దనేసింది. నా మటుకు నేను ఆమెను మెచ్చుకుంటాను. నచ్చిన చీరను మడత విప్పాక చిరుగు చూసి తిరిగి ఇచ్చేస్తాం, నచ్చిన ఇంటికి మాత్రం మొహమాటపడతాం.

ఆ వైపు పల్లెల్లో ఇంకొకటి అడగాలి. ఈ జాగాలో పూర్వం జొన్నల పాతర ఉండేదా? చేదబావి ఉండేదా? ధాన్యం దాచుకునే పాతరలను, ఎండిన బావులను చెత్తా మన్నూ వేసి పూడ్చి, పైన గది లేపేసిన ఇళ్ళున్నాయి. పూడ్చిన మన్ను ఏళ్ళ తరబడి దిగుతూనే ఉంటుంది. ఇది దస్తావేజులో రాయరు, ఈసీలో రాదు. వీధిలో డెబ్బయి ఏళ్ళు దాటిన ఒక అవ్వ దొరికితే చాలు.

ఈశాన్యం సంపు

పులివెందులలో నా స్నేహితురాలిది ఇంకో కథ. ముప్పై ఏళ్ళ నాటి ఇల్లు, స్లాబు కప్పు, నిగనిగలాడే రంగులు. వాస్తు సిద్ధాంతి వచ్చి చూసి భేష్ అన్నాడు. ఈశాన్యంలో నీళ్ళ సంపు ఉంది, ఇంకేం కావాలి? కార్తీకమాసంలో గృహప్రవేశం చేశారు. మరుసటి జూన్ వానలకు ఆ ఈశాన్యం గది మూలన కొత్త రంగు చీలుకుంటూ ఏటవాలు పగులు. మేస్త్రి సిమెంటు కూరాడు. మూడు నెలలకు పక్కనే మళ్ళీ పగిలింది. ఆఖరుకు ఇంజనీరును పిలిస్తే, ఆయన గోడ సంగతి వదిలేసి సంపు మూత తీయించాడు. రాత్రి నిండుగా నింపి, మోటారు వేయకుండా పొద్దున్నే చూస్తే జానెడు నీళ్ళు తక్కువ! గోడకు రెండడుగుల దూరంలో సంపు, దాని పగుల్లోంచి రోజూ రేగడిలోకి నీళ్ళు. పైపెచ్చు ఇల్లు అమ్మేముందు ఆ మూలనే ఉన్న పెద్ద చెట్టు కొట్టేశారట. అన్నేళ్ళూ ఆ నేలలోని నీటిని చెట్టు తాగేది. చెట్టు పోయాక ఆ నీళ్ళన్నీ మట్టికే మిగిలాయి, మట్టి ఉబ్బింది.

వాస్తు మీద నమ్మకం ఉన్నవాళ్ళను కాదనను. ఈశాన్యంలోనే పెట్టుకోండి, కానీ గోడ మొదట్లో కాదు, ప్రహరీ వైపు జరిపి పెట్టుకోండి. ఈశాన్యమంటే స్థలానికి మూల, ఇంటి గోడకు ఆనించి తవ్వమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. చెట్టు విషయంలో కూడా తొందర వద్దు. ఇంటికి ఆనుకుని ఉన్న వేప, రావి నీళ్ళు లాగి గోడను దించగలవు నిజమే. కానీ రేగడిలో పాతుకుపోయిన చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే నేల లేచి ఇంకో రకం పగులు వస్తుంది. ఏటా కొమ్మలు నరికి అదుపులో పెట్టుకోవడం మేలు.

నిజానికి రేగడి మీది ఇళ్ళ పగుళ్ళ మందు సగం నీళ్ళలోనే ఉంది. జలదారి పైపు, సెప్టిక్ ట్యాంకు, వీధి కాలువ, మిద్దెమీది నుంచి దూకే వాననీళ్ళు, ఇవన్నీ ఎటు పోతున్నాయో కనుక్కోండి. 2021 నవంబరు వానలకు కడప పట్టణంలో ఒక మూడంతస్తుల పాత భవనం రాత్రివేళ కూలిపోయింది. అందులోవాళ్ళు బయటపడటంతో ప్రాణాలు దక్కాయి. అన్ని వానలు ఏటా రావు. కానీ జిల్లాకు ఏడాదికి పడే ఏడువందల మిల్లీమీటర్లలో చాలాభాగం నాలుగైదు నెలల్లోనే పడుతుంది. ఇల్లు చూడ్డానికి మంచిరోజు అంటే పంచాంగంలో చూసేది కాదు, గట్టి వాన పడిన మర్నాడు.

ఏడాది గడువు అడగండి

పిన్ని ఏం చేసిందో చెబుతాను. అడ్వాన్సు ఆపించింది. బ్రోకరు మొహం మాడ్చుకున్నాడు, బాబాయి రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అమ్మేది బెంగుళూరులో ఉన్న ముసలమ్మ కొడుకు. ఆయనతో ఫోనులో నేరుగా మాట్లాడి, కొద్ది టోకెన్ ఇచ్చి, వానలు వెళ్ళేదాకా గడువు అడిగింది. పగులు పెరిగితే టోకెన్ తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించింది. ఆ ఇంటికి అప్పటికే ఇద్దరు బేరాలు వచ్చి పోయారు కాబట్టి ఆయనా ఒప్పుకున్నాడు.

మే నెలలో వంటింటి పగులుకు ఇటొకటి, అటొకటి చిన్న మేకులు కొట్టించి, వాటి మధ్య దూరం సరిగ్గా పది సెంటీమీటర్లు ఉండేట్టు పెట్టించింది. నడవలోని పగులుకూ అలాగే. ఆ పగుళ్ళ మీద అడ్డంగా అద్దం ముక్కలు సిమెంటుతో అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ రాసింది. నెలకోసారి వెళ్ళి స్కేలు పెట్టి చూసి, పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీలో రాసుకునేది. నవంబరు నాటికి నడవలో అద్దం చెక్కుచెదరలేదు, దూరం అలాగే ఉంది. అది ఎప్పుడో కదిలి నిలిచిపోయిన పగులు. వంటింట్లో మాత్రం అద్దం ఆగస్టులోనే పగిలింది. మేకుల మధ్య దూరం మూడు మిల్లీమీటర్లు తగ్గింది. ఎండలకు తెరుచుకుని వానలకు మూసుకునే పగులు, ముసలమ్మ తలుపు గురించి చెప్పిందంతా నిజమే.

అప్పుడు ఇంజనీరు వచ్చి చూశాడు. అసలు ఇల్లు గరుసు తగిలేదాకా తవ్వి కట్టింది. వంటిల్లు తర్వాతెప్పుడో రెండడుగుల పునాదితో అతికించింది, పైగా తొట్టి నీళ్ళు అక్కడే ఇంకుతున్నాయి. అంటే చెడ్డది ఇల్లు కాదు, వంటిల్లు. వంటిల్లు కూల్చి కట్టే ఖర్చు ఎంతో కాగితం మీద రాయించుకుని, ఆ కాగితమే ముందు పెట్టి బేరమాడింది పిన్ని. మొత్తం తగ్గించలేదుగానీ మూడొంతుల్లో రెండొంతులు తగ్గించాడాయన.

అందరికీ అంత గడువు దొరకదని నాకూ తెలుసు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడటానికి వీల్లేకపోతే, కనీసం ముసలమ్మలాంటి మనిషి మాట అయినా వినండి. ఇంటివాళ్ళు చెప్పకపోతే అద్దెకున్నవాళ్ళను, పక్కింటివాళ్ళను అడగండి.

చట్టం సంగతి ఒక మాట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, తనకు తెలిసివుండి, కొనేవాళ్ళు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పితీరాలి. వినడానికి బాగుంది. కానీ అందులోనే మెలిక ఉంది చూడండి. మామూలు జాగ్రత్తతో కనపడేదాన్ని మీరు చూడకపోతే ఆ తప్పు మీదే అవుతుంది. గోడమీద బాహాటంగా ఉన్న పగులు గురించి తర్వాత కోర్టుకెళ్ళి "చెప్పలేదండీ" అంటే నిలవదు. అందుకే "ఇంట్లో మరమ్మతులు ఏమేం జరిగాయి, పునాది ఎప్పుడైనా దిగిందా" అని అడిగి, ఆ జవాబును అగ్రిమెంటులో ఒక వాక్యంగా రాయించండి.

మరమ్మతు చేయించేటప్పుడు

ముందు నీళ్ళు ఆపాలి, తర్వాత ఒక వానాకాలం చూడాలి, ఆ తర్వాతే పగులు పూడ్చాలి. మేస్త్రులు దీన్ని తిరగేసి చేస్తారు, వాళ్ళకు కూలి ఆరోజే కావాలి కదా. కదులుతున్న పగుల్లో ఎంత సిమెంటు కూరినా అది పక్కన ఇంకోచోట చీలుతుంది. మట్టితో, సున్నంతో కట్టిన పాతగోడకు గట్టి సిమెంటు పూత అసలు నప్పదు, తడి లోపలే ఉండిపోయి పూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. సున్నం పనే మేలు.

మనకు బండలు చవగ్గా దొరికే జిల్లా. ఇంటి చుట్టూ అయిదారు అడుగుల వెడల్పున గరుసు దిమ్మిస వేయించి, బయటికి వాలు ఉండేట్టు నాపబండలు పరిపించి, సందులు పూడ్పిస్తే గోడ మొదట్లో మట్టి ఏడాది పొడవునా ఒకే తీరున ఉంటుంది. ఆ వాలు చివర ఒక కాలువ. చాలా ఇళ్ళకు ఇది చాలు. దీని తర్వాతే గోడకు అడ్డంగా కమ్మీలు వేసి కుట్టడం లాంటివి.

పునాదే దింపాలంటే అది ఇంజనీరు పర్యవేక్షణలోనే జరగాలి. కప్పుకు కింద పోట్లు పెట్టి, మూడు నాలుగు అడుగుల ముక్క తవ్వి, కట్టి, అది గట్టిపడ్డాక ఒక ముక్క వదిలి ఇంకో ముక్క తవ్వాలి. గోడ పొడవునా ఒకేసారి తవ్వుతానన్న బేల్దారిని అక్కడే ఆపేయండి, పిల్లల్ని బయటికి పంపేయండి. గోడ కిందివాళ్ళ మీద పడే ప్రమాదాలు ఎక్కువగా అప్పుడే జరుగుతాయి.

పిన్ని వాళ్ళు సంక్రాంతి తర్వాత రిజిస్ట్రేషను చేయించుకుని, ముందు వంటిల్లు విప్పించారు. కొత్త వంటింటిని పాతగోడకు అతికించకుండా, నడుమ బొటనవేలు మందం సందు వదిలి వేరే పునాది మీద కట్టించాడు ఇంజనీరు. పాతదీ కొత్తదీ వేటి దారిన అవి కదలడానికట. ఆ సందు మీద ఒక రేకు వేశారు. చుట్టాలు వచ్చినప్పుడల్లా "ఇదేంది, ఇక్కడ ఇల్లు చీలింది?" అని అడుగుతారు. పిన్ని నవ్వి కాఫీ కలపడానికి వెళ్తుంది. నడవలో పాత పగులుమీది అద్దం ముక్కను మాత్రం ఇంకా తీయలేదు. ఏటా ఉగాదికి సున్నం వేయించేటప్పుడు దాని చుట్టూ కుంచె ఆపమని చెబుతుంది.